మార్కో పోలో మాట, చందుపట్ల రాయి

నల్లగొండ జిల్లా నకిరేకల్ ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాల. ఏడో తరగతికి కాకతీయుల పాఠం మొదలుపెట్టబోయే ముందు సోషల్ మేడమ్ కొన్ని కాగితాలు ప్రింటు తీసుకుని స్టాఫ్‌రూమ్‌కు వచ్చారు. అన్నీ నెట్‌లో వెతికి పట్టుకున్నవి. తెలుగు సార్ వాటిని చూసి అభ్యంతరం చెప్పారు. ఆ వాదమే ఇది. ఇద్దరూ పిల్లల మేలు కోరేవాళ్లే, అందుకే ఎవరూ సులువుగా తగ్గలేదు. నా మొగ్గు మేడమ్ వైపే. కానీ సార్ అడిగిన వాటిలో ఒకటి రెండు నన్ను ఇంకా వదల్లేదు.

తెలుగు సార్: ఏంటమ్మా ఇవి? శాసనాలా? ఏడో తరగతికా?

సోషల్ మేడమ్: ఏడో తరగతికే సార్. మూడే ముక్కలు. ఒకటి చందుపట్ల శాసనం. ఇంకోటి మోటుపల్లి అభయ శాసనంలో సుంకాల వివరం. మూడోది మార్కో పోలో ముత్ఫిలి రాజ్యం గురించి చెప్పింది. ముత్ఫిలి అంటే మోటుపల్లే. ఇంగ్లీషులో దొరికిన వాటిని చిన్న చిన్న వాక్యాల్లో తెలుగులో రాసుకున్నా.

తెలుగు సార్: పాఠ్యపుస్తకం ఉంది కదా. దాన్ని తడబడకుండా చదివిస్తే అదే పెద్ద పని. ఆ తరగతికి నేనూ వెళ్తున్నా. సగం మంది ఒక పేరా చదివి అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పలేకపోతున్నారు. వాళ్ల చేతిలో ఏడు వందల ఏళ్ల కిందటి రాత పెడతామంటున్నారు.

సోషల్ మేడమ్: చెప్పలేకపోవడానికి కారణం ఏమై ఉంటుందంటారు సార్? పుస్తకంలో ఉన్నదంతా అయిపోయిన సంగతి. రుద్రమదేవి ఏలింది, గణపతిదేవుడు వర్తకాన్ని ప్రోత్సహించాడు, అంతే. అందులో వాళ్లు తేల్చాల్సింది ఏమీ లేదు. అందుకే కంఠస్థం చేస్తారు, పరీక్ష కాగానే వదిలేస్తారు. పోయినేడు ఒక పిల్ల లేచి, రుద్రమదేవి అట్లా ఉండేదని మనకెట్లా తెలుసు టీచర్ అని అడిగింది. దాని మనసులో ఉన్న రుద్రమదేవి 2015లో వచ్చిన సినిమాలోని ఆమె. ఆ ప్రశ్నకు పుస్తకంలో ఉంది అని చెప్పి ఊరుకుంటే నేను సోషల్ చెప్పినట్టు కాదు.

తెలుగు సార్: శాసనాల వల్ల తెలిసింది అని ఒక్క మాట చెప్తే సరిపోదా?

సోషల్ మేడమ్: ఆ ఒక్క మాట కూడా కంఠస్థం కిందకే పోతుంది సార్. ఏ శాసనం? ఎవరు వేయించారు? ఎందుకు వేయించారు? చందుపట్ల మన మండలంలో ఊరే. ఆ రాయి మీద తేదీ శక సంవత్సరం 1211. డెబ్భై ఎనిమిది కలిపితే 1289. ఆ లెక్క పిల్లలే బోర్డు మీద వేస్తారు. పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చాడు. వాళ్లిద్దరూ శివలోకం చేరారని రాయించాడు. ఒక బంటు వేయించిన చిన్న రాయి అది. ఆమె 1295 దాకా ఏలిందని పాత పుస్తకాల్లో ఉండేది. పరబ్రహ్మశాస్త్రి గారి లాంటి పండితులు ఈ రాయిని చదివి లోకానికి చెప్పాక ఆ లెక్క మారిపోయింది. చరిత్ర పుస్తకాన్ని సరిదిద్దిన రాయి మన పక్క ఊళ్లో ఉందని పిల్లలకు తెలియొద్దా?

తెలుగు సార్: తెలియాలి. దానికి నెట్ ఎందుకు? ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. చేత్తో తడిమి చూస్తారు. మీ ప్రింటు కాగితం కంటే అది నయం.

సోషల్ మేడమ్: తీసుకెళ్తాను. కానీ అక్కడికి వెళ్లి ఏం చూస్తారు? అరిగిన అక్షరాలు. అవి చదవడం మీకొచ్చేమో, నాకు రాదు. చదివిన వాళ్ల పాఠం ముందుంటేనే రాయి మాట్లాడుతుంది. ఆ పాఠాలు ఎక్కడున్నాయి? శాసన సంపుటాల్లో. ఎపిగ్రాఫియా ఇండికా కావాలన్నా, నల్లగొండ జిల్లా శాసనాల సంపుటి కావాలన్నా ఒకప్పుడు హైదరాబాద్ వెళ్లి లైబ్రరీలో కూర్చోవాలి. ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాలు ఉచితంగా చదువుకోవచ్చు. మోటుపల్లి శాసనాన్ని హుల్ట్‌ష్ ప్రచురించింది పన్నెండో సంపుటంలో. ఆ పుట నా ఫోన్‌లో ఉంది.

తెలుగు సార్: మీ ఫోన్‌లో ఉంది సరే. వెతకడానికి ఎంతసేపు పట్టింది?

సోషల్ మేడమ్: చాలాసేపు. అక్కడే చాలామంది టీచర్లు విసిగి వదిలేస్తున్నారు. గూగుల్‌లో రుద్రమదేవి అని తెలుగులో కొడితే ముందు వచ్చేవి సినిమా స్టిల్స్, కొత్తగా పెట్టిన విగ్రహాలు, వీడియోలు. శాసనం కావాలంటే శాసనం పేరుతోనో, అది అచ్చయిన సంపుటి పేరుతోనో వెతకాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ‘చరిత్ర’ అన్న మాటనే నాలుగు రకాలుగా రాశారు. ఒక స్పెల్లింగ్‌తో దొరక్కపోతే ఇంకోటి, అదీ కాకపోతే రచయిత ఇంటిపేరు, ఇంకా కాకపోతే అచ్చయిన ఏడాది పెట్టి చూడాలి. అట్లా వెతగ్గా నాకు ఒకటి అర్థమైంది. వెతకడం టీచర్ పని, పిల్లల పని కాదు. ఏడో తరగతి పిల్లలకు కాకతీయుల గురించి నెట్‌లో చూసి రాసుకు రండి అని ప్రాజెక్టు ఇస్తే మొదట కనబడిన నాలుగు వాక్యాలు ఎత్తి రాస్తారు. దాన్ని మూలాధారాలతో చదువు చెప్పడం అనను.

తెలుగు సార్: ఆ మాట ఒప్పుకున్నందుకు సంతోషం. చాలామంది ఒప్పుకోరు. కానీ నా అసలు అభ్యంతరం ఇంకా ఉంది. మీరు పోలోను తెలుగు చేశారు. మోటుపల్లి శాసనానికి హుల్ట్‌ష్ చేసిన ఇంగ్లీషుకు మీరు తెలుగు చేశారు. పిల్లవాడు చదివేది ఎవరి మాట? మీ మాట. దాని మీద మూలాధారం అని శీర్షిక పెడుతున్నారు. పాఠ్యపుస్తకం రాసినవాళ్లు కనీసం మూలం ఇదేనని చెప్పుకోరు.

సోషల్ మేడమ్: ఈ మాట తగిలింది సార్. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. ఒక పని మాత్రం చేస్తున్నా. అసలు పుట ఫొటో పక్కన పెడుతున్నా. చదవలేకపోయినా, అది వేరే అక్షరాల్లో వేరే భాషలో ఉందని, మధ్యలో ఇద్దరు ముగ్గురు మనుషులు నిలబడ్డారని వాళ్లకు కంటితో తెలుస్తుంది. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలను ఇట్లాగే పెడతారు. ఒక పక్క స్కాన్ చేసిన పుట, ఇంకో పక్క టైపు చేసిన పాఠం. తప్పు పడితే చదివేవాడే పట్టుకోవచ్చు. అయినా చందుపట్ల శాసనం తెలుగే కదా. దానికి నా అనువాదం ఎందుకు? దాన్ని మీరు చదివి చెప్తే నా మాట మధ్యలో ఉండదు.

తెలుగు సార్: నన్నెందుకు లాగుతారు? సరే, చదువుతాను. శాసన భాష నాకు ఇష్టమే. ఏదైనా మాటకు అర్థం దొరక్కపోతే ఆంధ్రభారతి నిఘంటువులో చూస్తాను. నేను నెట్‌కు శత్రువుని కాదమ్మా. దాన్ని పిల్లల ముందు పెట్టే తీరు చూసి భయపడుతున్నా. ఇప్పుడు మీ కాగితంలో ఏముంది? పోలో రుద్రమదేవిని రాజుగారి విధవ అన్నాడు.

సోషల్ మేడమ్: అవును. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకోలేదని, నలభై ఏళ్లు ఆయనకు తీసిపోకుండా న్యాయంగా ఏలిందని, ప్రజలకు ఆమె అంటే ప్రాణమని చెప్పాడు. వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి కూడా చెప్పాడు.

తెలుగు సార్: శాసనాలు ఏమంటున్నాయి? 1261 నాటి మల్కాపురం శాసనంలో ఆమె గణపతిదేవుని కూతురు. సొంతంగా రాజ్యం చేపట్టింది 1262 ప్రాంతంలో. పోయింది 1289లో. నలభై ఎక్కడ, ఇరవై ఏడు ఎక్కడ? రెండూ పక్కపక్కన పెడితే పిల్లవాడు ఏమనుకుంటాడు? ఒకడు భార్య అన్నాడు, ఇంకొకడు కూతురు అన్నాడు, ఏదీ నిజం కాదు, ఎవరికి నచ్చింది వాళ్లు చెప్పుకుంటారు అనుకుంటాడు. ఇవాళ ఊరూరా ఉన్న జబ్బు అదే. దాన్ని బడిలోనే అంటిస్తున్నారు మీరు.

సోషల్ మేడమ్: పక్కపక్కన పెట్టి వదిలేస్తే మీరన్నట్టే అవుతుంది. నేను వదలను. నా పాఠమంతా ఆ ప్రశ్న మీదే నడుస్తుంది. పోలో ఈ మాటలు ఎప్పుడు, ఎక్కడ చెప్పాడు? 1298లో జెనోవా జైల్లో. రాసింది తను కాదు, తోటి ఖైదీ రుస్తికెల్లో. చైనా నుంచి ఓడల్లో తిరుగు ప్రయాణం కట్టింది 1290ల మొదట్లో. చందుపట్ల రాయి ప్రకారం అప్పటికే రుద్రమదేవి లేదు. మరి ఆమె ఏలుతోందని ఎట్లా చెప్పాడు? మోటుపల్లి చూశాడా, ఏదో రేవులో నావికులు చెప్పుకుంటే విన్నాడా? ఇటు మల్కాపురం శాసనం ఆమె బతికి ఉండగా, ఆమె రాజ్యంలోనే, రాజగురువు విశ్వేశ్వర శివాచార్యుడికి సంబంధించిన దానం గురించి వేసింది. ఆమె ఎవరి కూతురో అక్కడివాళ్లకు తెలియదా? ఇంత చెప్పాక ఎవరికి నచ్చింది వాళ్లు అనడానికి వీల్లేదు. దగ్గరివాడు, అప్పటివాడు చెప్పిన మాట బరువైనది. దూరాన విన్నవాడి మాట తేలిక. అయినా పోలో పనికిరాడని కాదు. సముద్రం అవతలి మనిషి దాకా ఇక్కడి రాణి సంగతి, ఇక్కడి బట్ట సంగతి పాకాయంటే ఆ వర్తకం ఎంతటిదో అతని మాటలోనే తెలుస్తుంది.

ఇక్కడ నేనొక మాట కలుపుతాను. పోలో పుస్తకానికి యూల్ చేసిన ఇంగ్లీషు అనువాదం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. తెలుగు నేలకు సంబంధించిన భాగం రెండు మూడు పుటలకు మించదు. నల్లగొండ, వరంగల్, బాపట్ల జిల్లాల్లో సోషల్ చెప్పేవాళ్లు ఆ పుటలు ఒక్కసారి చదివితే, పాఠ్యపుస్తకంలోని ఒక వాక్యం వెనక ఎంత సంగతి ఉందో చూస్తారు.

తెలుగు సార్: మీరు ఇదంతా చదివారు కాబట్టి చెప్పగలుగుతున్నారు. మిగతా బడుల్లో? ఒక్క వెబ్‌సైట్ పేరు విని అందులోంచి ఏదో ఒకటి దించుకొచ్చి పిల్లల మీద పెట్టరా? పంద్రాగస్టుకు ఒక బడికి అతిథిగా వెళ్లాను. ఇంకో అతిథి మైకు పట్టుకుని మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడిన మాటలంటూ చదివాడు. దేశమంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడు కనబడలేదు, వీళ్ల చదువును కూల్చాలి అని. పిల్లలు చప్పట్లు కొట్టారు, టీచర్లు కొట్టారు. ఎక్కడ దొరికిందని అడిగితే నెట్‌లో మూలమే ఉంది సార్ అన్నాడు.

సోషల్ మేడమ్: అది దొంగ ప్రసంగం సార్.

తెలుగు సార్: తెలుసు. అందుకే చెప్తున్నా. మీరు మూలం, మూలం అంటుంటే నాకు ఆ సభే గుర్తొస్తుంది.

సోషల్ మేడమ్: ఆ దొంగతనాన్ని పట్టించింది కూడా మూలమే కదా. మెకాలే 1834లో మద్రాసులో దిగాడు. 1835 ఫిబ్రవరిలో కలకత్తాలో ఉన్నాడు. అప్పుడు లండన్ పార్లమెంటులో ఎట్లా మాట్లాడతాడు? అదే ఫిబ్రవరి 2 తేదీతో అతను రాసిన నిజమైన కాగితం ఉంది, విద్య మీద రాసిన మినిట్. కొలంబియా విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో మొత్తం చదువుకోవచ్చు. అందులో బిచ్చగాళ్ల మాట లేదు. మన భాషల్ని, మన పుస్తకాల్ని చిన్నచూపు చూడటం ఉంది, ఇంగ్లీషు చదువు ఎందుకివ్వాలో వాదన ఉంది. మనకు కోపం రావాలంటే ఆ నిజమైన కాగితమే చాలు, దొంగ ప్రసంగం అక్కర్లేదు. తొమ్మిదో తరగతికి ఈ రెండూ కలిపి ఒక పీరియడ్ చెప్పాలని ఉంది. నేను ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అని అడగడం నేర్పకపోతే ఆ పిల్లలే రేపు మైకు పట్టుకుంటారు.

తెలుగు సార్: అడగడం నేర్పితే చాలా? చదువుకున్నవాళ్లే మోసపోతున్నారు.

సోషల్ మేడమ్: దాని మీద ఒక పరిశోధన ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసింది, 2017లో వచ్చింది. పీహెచ్‌డీ చేసిన చరిత్రకారులు పదిమంది, పత్రికల్లో నిజనిర్ధారణ చేసేవాళ్లు పదిమంది, ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులు పాతికమంది. వాళ్లకు వెబ్‌సైట్లు చూపించి నమ్మదగినవో కాదో చెప్పమన్నారు. విద్యార్థులూ, చరిత్రకారుల్లో చాలామందీ, ఆ సైట్‌లోనే ఉండి పైనుంచి కిందకు చదువుతూ, లోగో చూసి, పేరు చూసి బోల్తాపడ్డారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు మాత్రం వెంటనే ఆ సైట్‌ వదిలి, వేరే కిటికీలు తెరిచి దాని వెనక ఎవరున్నారో బయట వెతికారు.

తెలుగు సార్: చూశారా! జీవితమంతా పాత కాగితాలు చదివినవాళ్లే దెబ్బతిన్నారు. మీ ఏడో తరగతి ఎంత?

సోషల్ మేడమ్: నేను అందులో ఇంకోటి చూశాను. గెలిచినవాళ్లు ఎక్కువ చదువుకున్నవాళ్లేమీ కాదు. వాళ్లకు ఉన్నది ఒక అలవాటు. సైట్‌లో ఉన్నది నమ్మే ముందు బయటికి వెళ్లి అడగడం. పాండిత్యం అందరికీ ఇవ్వలేం, అలవాటు ఇవ్వగలం. అది కూడా టీచర్ చేసి చూపిస్తేనే వస్తుంది. డిజిటల్ బోర్డు మీద పిల్లల ముందే వెతుకుతాను, ముందు కనబడిన తప్పు వీడియోను ఎందుకు వదిలేశానో చెప్తాను.

తెలుగు సార్: నెట్ వస్తే.

సోషల్ మేడమ్: రాకపోతే కాగితమే. ముందు రోజు ఇంట్లో దించుకుని ప్రింటు తీస్తా. టీచర్ పాఠం కోసం ఒక పుట కాపీ తీసుకుంటే కాపీరైట్ చట్టం తప్పు పట్టదు. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ కొడితే దీక్షకు వెళ్తుంది, టీ-శాట్‌లో పాఠాలు ఉన్నాయి. అవి మంచివే, తిరిగి చదువుకోవడానికి వాడతాను. కానీ అక్కడ ఎక్కువగా పాఠాన్ని మళ్లీ వివరించడమే ఉంటుంది. నాకు కావలసింది వివరణ మొదలుకాకముందు ఉన్న కాగితం.

తెలుగు సార్: పోర్షన్?

సోషల్ మేడమ్: ప్రతి పాఠానికీ చేయను. టర్మ్‌కు రెండు మూడు. పదో తరగతికి ఇంకా తక్కువ, పరీక్ష నాకూ తెలుసు. కానీ పదో తరగతి రాజ్యాంగం పాఠానికి ఒకటి వదలను. రాజ్యాంగ సభ చర్చలు మొత్తం నెట్‌లో ఉన్నాయి. రాజ్యసభకు పోటీ చేయాలంటే ముప్పై ఐదేళ్లు ఉండాలని ప్రతిపాదిస్తే, మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి లేచి ముప్పై చాలన్నారు. జ్ఞానం వయసును బట్టి రాదని వాదించారు. 1949 మేలో. సభ ఒప్పుకుంది. ఇప్పటికీ ముప్పయ్యే. పుస్తకంలో అర్హత 30 సంవత్సరాలు అన్న అంకె ఉంటుంది. ఆ అంకె వెనక ఒక మనిషి ఉందని, నలభై ఏళ్లు కూడా నిండని ఆడమనిషి అంతమంది పెద్దల ముందు వాదించి మార్పించిందని ఆడపిల్లలకు తెలిస్తే ఆ అంకెను ఎవరూ మరిచిపోరు.

తెలుగు సార్: ఇది బాగుంది. ఇది కాదనను. కానీ మీరు ఎంచుకున్నవన్నీ చూడండి. రాణి, రాజు, రాజ్యాంగ సభ, విదేశీ యాత్రికుడు. రాయి మీద చెక్కించుకోగలిగినవాళ్లు, సభలో మాట్లాడగలిగినవాళ్లు. మోటుపల్లి శాసనాన్నే తీసుకోండి. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లు, మేం దయతో నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోం అని గణపతిదేవుడు చెప్పుకున్నాడు. తన గురించి తానే. సుంకం వసూలు చేసే బంటు నిజంగా అంతే తీసుకున్నాడని ఎవరు చెప్పారు? ఆ బట్ట నేసినవాడు ఏమన్నాడు? ఓడలోకి మూట మోసినవాడు ఏమన్నాడు? వాళ్ల కాగితం ఏ వెబ్‌సైట్‌లో ఉంది?

ఇది సార్ అడిగిన వాటిలో అన్నిటికంటే బరువైన ప్రశ్న. మేడమ్ కాసేపు ఆగి జవాబు చెప్పారు.

సోషల్ మేడమ్: లేదు సార్. ఎక్కడా లేదు. చందనం, కర్పూరం, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, తగరం, మిరియాలు, పట్టు అని సరుకుల పేర్లన్నీ ఉన్నాయి. మనుషుల పేర్లు లేవు. కానీ మీరు ఇప్పుడు అడిగిన ప్రశ్న ఎక్కడినుంచి వచ్చింది? శాసనం చదివాక వచ్చింది. గణపతిదేవుడు వర్తకాన్ని ప్రోత్సహించాడు అని పుస్తకంలో చదివినప్పుడు మీకు ఆ బంటు గుర్తుకురాడు. రాజు మాట రాజు నోటితోనే వింటే, ఇది ఈయన చెప్పుకుంటున్నాడు అని తడుతుంది. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు టీచర్లకు మూడు పనులు చెప్తారు. ముందు ఏం కనబడుతోందో చూడాలి, తర్వాత దాని గురించి ఆలోచించాలి, ఆపైన ప్రశ్న వేయాలి. నా పీరియడ్ చివర పిల్లలు రాసేది జవాబు కాదు, ఒక ప్రశ్న. మీ ప్రశ్న ఒక్క పిల్లవాడు వేసినా నాకు చాలు.

తెలుగు సార్: ప్రశ్న వేసి ఊరుకుంటే లాభం లేదు. కాగితంలో లేనివాళ్ల కోసం కూడా ఎక్కడో వెతకాలి. మన బడి అడ్మిషన్ రిజిస్టర్ బీరువాలో ఉంది. ఎవరి తాత ఏ తరగతిలో బడి మానేశాడో, ఆడపిల్లల పేర్లు ఎప్పటినుంచి కనబడుతున్నాయో దాంట్లో ఉంటుంది. ఇళ్లల్లో 1954-55 ఖాస్రా పహాణీ నకళ్లు ఉంటాయి. అది మన పిల్లల సొంత మూలాధారం. మీరు జెనోవా జైలు దాకా వెళ్లారు, మన బీరువా తెరవలేదు.

సోషల్ మేడమ్: రిజిస్టర్ తెరుస్తాను. పేర్లు, కులం గడి కప్పేసి సంఖ్యలు మాత్రం చూపిస్తాను. పహాణీ మాత్రం వద్దు సార్, భూమి తగాదాలు ఇంకా ఉన్నాయి. పిల్లల చేత ఇంట్లోని కాగితాలు బడికి తెప్పించడం నాకు ఇష్టం లేదు.

తెలుగు సార్: అదీ నిజమే. పహాణీ వదిలేద్దాం.

సోషల్ మేడమ్: ఇంకా ఒకటి ఉంది. పాత పత్రికలు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో పెట్టిన ఆంధ్రపత్రిక, బందరు కృష్ణాపత్రిక, ఇట్లాంటివాటి పాత సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. తెలుగులోనే ఉన్నాయి, అనువాదం అక్కర్లేదు. ఒక్క రోజు పత్రికలో ప్రకటనలు చదివించినా, ఏ సబ్బు అమ్మారు, ఏ మందు అమ్మారు, ఎవరి పెళ్లికి పిలిచారు అని పిల్లలు గంటసేపు మాట్లాడతారు. అది మీ పీరియడ్‌లో చేయొచ్చు.

తెలుగు సార్: చేస్తాను. అది భాషా పాఠమే. పత్రిక తెలుగు ఎట్లా మారుతూ వచ్చిందో వాళ్లే చూస్తారు. కానీ మీ కాకతీయుల పాఠం దగ్గర ఇంకా ఒప్పుకోవడం లేదు. నాకు ఒక షరతు ఉంది. ముందు పుస్తకంలో పాఠం పూర్తిగా చెప్పండి. రుద్రమదేవి ఎవరో గట్టిగా తెలిశాకే పోలో రావాలి. నాటు పడని మడిలో కలుపు తీయమంటే పైరూ పోతుంది.

సోషల్ మేడమ్: నేను తలకిందులుగా అనుకున్నాను. ముందు రాయి, పోలో ఇస్తే, తర్వాత పుస్తకం చదివేటప్పుడు జవాబు కోసం చదువుతారని.

తెలుగు సార్: మీ మొదటి బెంచీకి అది పనిచేస్తుంది. వెనక బెంచీ మొదటి రోజే వదిలేస్తుంది. నేను ఆ వెనక బెంచీ వాళ్ల తరఫున మాట్లాడుతున్నా.

సోషల్ మేడమ్: అయితే మధ్యలో పెడతా. గణపతిదేవుడి దాకా పుస్తకం, తర్వాత మోటుపల్లి. రుద్రమదేవి పాఠం సగం అయ్యాక పోలో, చివర చందుపట్ల. చందుపట్ల పీరియడ్‌కు మీరు రావాలి, శాసనం మీరే చదవాలి. ఆమె ఎట్లా పోయిందని అడుగుతారు, చూడండి. తన మీద తిరగబడిన సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో పోయిందని చాలామంది అంటారు. కానీ రాయి శివలోకం చేరిందనే చెప్పింది, ఎట్లా అన్నది చెప్పలేదు. యుద్ధం అన్నది పండితుల ఊహ, మంచి ఆధారాలున్న ఊహ. ఆ తేడా మీ గొంతుతో వింటే పిల్లలు నమ్ముతారు.

తెలుగు సార్: వస్తాను. నాకు ఇంకా అనుమానమే ఉందని వాళ్ల ముందే చెప్తాను.

సోషల్ మేడమ్: చెప్పండి సార్. ఇద్దరు టీచర్లు ఒకే కాగితం గురించి వాదించుకోవడం పిల్లలు ఎన్నడూ చూసి ఉండరు.

తెలుగు సార్: పోలో కాగితం ఇటివ్వండి. 1298, జెనోవా జైలు, రుస్తికెల్లో రాశాడు, యూల్ ఇంగ్లీషు చేశాడు, మన మేడమ్ తెలుగు చేసింది. ఇదంతా చివర చిన్న అక్షరాల్లో వేశారు. దీన్ని పైన, పెద్ద అక్షరాల్లో వేయించండి. కింద ఉన్నది పిల్లలు చదవరు.